పావుకిలో సకినాలు

1889లో ఇల్లెందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకానికి 1989లో నూరేళ్లు నిండాయి. సింగరేణి బొగ్గు గనుల సంస్థ ఆ నూరేళ్ల పేరు పెట్టిన సెంటినరీ కాలనీ పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో, రామగుండం-3 ఏరియా గనుల పక్కన ఉంటుంది. ఇక్కడి వంటిల్లు రెండు లెక్కల మధ్య నడుస్తుంది. ఒకటి పండుగల లెక్క: సంక్రాంతికి సకినాలు, ఉగాదికి బచ్చాలు, శ్రీరామనవమికి వడపప్పు, సద్దుల బతుకమ్మకు నువ్వుల పొడి, పల్లి పొడి, మలీద ముద్దలు. రెండోది బాయి, అంటే బొగ్గు గని లెక్క: మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు. పండుగ నాడు కూడా ఇంట్లో ఒకరు డ్యూటీకి పోయే వేళకు మరొకరు నిద్ర లేస్తారు. ఈ రెండు లెక్కలూ కుదరవని చాలా ఇళ్లు పిండివంటలను వదిలేస్తున్నాయి, లేదా అడ్డదారిలో చేసి రుచి రాలేదని బాధపడుతున్నాయి. వదిలేయడమూ అడ్డదారీ రెండూ అవసరం లేదు. పాత వంటను ఇప్పటి ఇంటికి తగ్గట్టు మార్చుకునేటప్పుడు కొలత తగ్గించాలి, పద్ధతి మాత్రం అలాగే ఉంచాలి. మనలో ఎక్కువమంది చేస్తున్నది దీనికి తలకిందులు: కొలత కిలోల్లోనే ఉంచి, పద్ధతిని కత్తిరిస్తున్నారు.

కొలతలు అంత పెద్దగా ఎందుకు ఉండేవో ముందు చూడాలి. అత్తామామలు, తోడికోడళ్లు, పిల్లలు, వచ్చిపోయే చుట్టాలు అందరూ ఉన్న ఇంటికి చేసిన కొలతలవి. వాడకట్టులోని ఆడవాళ్లంతా ఒక రోజు ఒకరింట్లో, మరో రోజు ఇంకొకరింట్లో కూడి చుట్టేవాళ్లు. బొగ్గు పొయ్యి రాజేయడమే ఒక పని కనుక, రాజేసిన నిప్పు మీద ఎంత ఎక్కువ వండితే అంత కలిసొచ్చేది. ఇప్పుడు క్వార్టర్‌లో ఉండేది నలుగురు, పొయ్యి గ్యాసుది, కలిసి చుట్టే చేతులు రెండో మూడో. పెద్ద కొలతకు ఉన్న కారణాలన్నీ పోయాయి, కొలత మాత్రం తరంనుంచి తరానికి నోటిమాటగా వచ్చి నిలిచిపోయింది. బియ్యం నానబెట్టడం, తడి పిండి పట్టడం, బట్ట మీద ఆరనివ్వడం వంటి పద్ధతులకు ఉన్న కారణాలు పోలేదు. అవి బియ్యపు గుణానికీ నూనె గుణానికీ సంబంధించినవి. కుటుంబం చిన్నదైతే ఆ గుణాలేమీ మారవు.

సకినాన్నే దగ్గరగా చూద్దాం. బియ్యం ఐదారు గంటలు నానాలి. నీళ్లు వంపి, తడి పూర్తిగా ఆరకముందే పిండి పట్టి జల్లించాలి. నువ్వులు, వాము, ఉప్పు వేసి, కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నటి తాడుగా జారేంత మెత్తగా కలపాలి. శుభ్రమైన నూలుబట్ట పరిచి, చిన్న సున్నా చుట్టి, దాని చుట్టూ మూడు నాలుగు వరుసలు మెలితిప్పుతూ పోవాలి. చుట్టినవి కాసేపు అలాగే ఉంచితే పైతడిని బట్ట పీల్చుకుంటుంది, సకినం విరగకుండా లేస్తుంది. అప్పుడే అది కాగిన నూనెలో పడాలి. ఇందులో దండగ పని ఒక్కటీ లేదు. పొడి బియ్యాన్ని మిల్లులో పట్టిస్తే రాపిడికీ వేడికీ పిండిలోని గంజి రేణువులు ఎక్కువగా దెబ్బతింటాయి, అలాంటి పిండి ఎక్కువ నీళ్లు తాగుతుంది. నానిన బియ్యం మెత్తబడి ఉంటుంది కనుక ఆ దెబ్బ తక్కువ. వేయించేటప్పుడు లోపలి నీరు ఆవిరై బయటికి పోతుంది, అది వదిలిన సందుల్లోకి నూనె చేరుతుంది. అంటే లోపల నీరు ఎక్కువున్న వంట నూనెను కూడా ఎక్కువ తాగుతుంది. ప్యాకెట్ పిండితో కలిపి, చుట్టిన వెంటనే నూనెలో వేసిన సకినం గట్టిగానో, నూనె ఓడుతూనో తయారవడానికి కారణం చేసినవారి చేతకానితనం కాదు. మధ్యలో తీసేసిన రెండు మెట్లే కారణం. ఆ మెట్లు వదిలేశాక వంట సోడాతోనో వెన్నతోనో సర్దాలని చూస్తాం. సోడా గుల్లతనం ఇవ్వొచ్చు గానీ సకినపు కరకర ఇవ్వదు.

షిఫ్టుల ఇంట్లో ఇంత తీరిక ఎవరికి ఉంటుందన్నది న్యాయమైన ప్రశ్నే. అందుకే వంటలో పట్టే సమయాన్ని రెండుగా విడదీసి చూడాలి. కొన్ని పనులకు గంటలు కావాలి, మనిషి అక్కర్లేదు: నానడం, వడకట్టడం, ఆరడం, చల్లారడం. కొన్నింటికి మనిషి కావాలి: కలపడం, చుట్టడం, వేయించడం. కొలత పెరిగితే పెరిగేది రెండో రకం పనే. కిలో బియ్యం నానడానికీ పావుకిలో నానడానికీ పట్టే సమయం ఒకటే, చుట్టడంలో మాత్రం నాలుగింతల తేడా. పద్ధతిని కత్తిరించి మనం మిగుల్చుకున్నది ఎవరి చేతికీ శ్రమ లేని గంటలను. కొలత తగ్గిస్తే తప్పేది నడుమునొప్పి. మొదటి షిఫ్టుకు టిఫిన్ కట్టి పంపిన చేత్తోనే పావుకిలో బియ్యం నానబోస్తే, బాయి మీదికి పోయిన మనిషి తిరిగొచ్చేసరికి అవి నాని వడిసి ఉంటాయి. అంత పిండికి మిల్లు దాకా పోనక్కర్లేదు. మిక్సీలో రెండు మూడు విడతలుగా, జారు వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పి, జల్లించుకుంటే చాలు. చుట్టడం సాయంత్రం టీవీ ముందు కూర్చుని ముగిసే పని. చిన్న మూకుడులో తక్కువ నూనె పోసి రెండేసి చొప్పున వేయించుకోవచ్చు. పద్ధతి పూర్తిగా పాతది, ఒళ్లు అలిసింది తక్కువ.

అన్ని వంటలకూ ఇంత లెక్క కూడా అక్కర్లేదు. సర్వపిండి పుట్టడమే ఇంటి కొలతతో పుట్టింది. వరంగల్ వైపు సర్వపిండి అనీ, కరీంనగర్ వైపు సర్వప్ప అనీ పిలిచే ఈ వంటలో బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం అన్నీ ఒక్క ముద్ద. అడుగు మందంగా ఉన్న గిన్నెకు నూనె రాసి, ముద్దను లోపలి అంచులదాకా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో ఒక్కో చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్న సెగమీద ఉంచుతారు. మూత లోపలి ఆవిరి పైభాగాన్ని ఉడికిస్తుంది, అడుగు ఎర్రగా కాలుతుంది, బొక్కలు నూనెనూ వేడినీ పిండి మధ్యకు తీసుకుపోతాయి. తిప్పాల్సిన పని లేదు. ఇక్కడ గిన్నె బదులు మందపాటి నాన్‌స్టిక్ పెనం వాడినా తప్పు లేదు, ఎందుకంటే పాత్ర మారినా సన్న సెగ, మూత, బొక్కలు అనే మూడు అసలు సంగతులు నిలిచాయి. బియ్యప్పిండిలో కొంత జొన్నపిండి కలుపుకోవాలనుకుంటే, జొన్నరొట్టెకు చేసినట్టే వేడినీళ్లతో తడపాలి, లేకుంటే అంచులు పగులుతాయి. మార్పు కోరినా సరే, ఆ ధాన్యానికి మనవాళ్లు ముందే కనిపెట్టిన పద్ధతి పక్కనే ఉంది.

చిన్న కొలతకు తేలిగ్గా ఒదిగేవి సలాడ్లు కూడా, కానీ వాటి విషయంలో మనవాళ్లకు ఒక అపనమ్మకం ఉంది. పచ్చి కూరగాయలు కలుపుకుతినడం మన వంట కాదని, అది డైట్ చార్టుతో వచ్చిందని అంటారు. శ్రీరామనవమి నాటి వడపప్పు ఏమిటి మరి? నానిన పెసరపప్పులో మామిడికాయ ముక్కలు, కొబ్బరి తురుము, కొత్తిమీర పడితే అది తృప్తిగా తినదగిన పచ్చి వంటకం. పక్క రాష్ట్రం కన్నడిగులు దాన్నే కోసంబరి అని దోసకాయతో, పోపుతో పెళ్లి విస్తట్లో వడ్డిస్తారు. మన బబ్బెర గుడాలు, శనగ గుడాలు, మక్క గుడాలు ఉడకబెట్టి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపితే సాయంత్రపు పలహారం అవుతుంది. వీటిని రోజువారీ భోజనంలోకి తెచ్చుకోవడానికి కావలసింది కొంచెం క్రమం. పెసరపప్పు గంటా రెండు గంటలు నానితే చాలు. మరీ నానితే కొరికినప్పుడు ఉండే బిగువు పోతుంది. ఉప్పు, నిమ్మరసం వడ్డించే ముందే వేయాలి, ఎందుకంటే ఉప్పు దోసకాయలోని నీటిని బయటికి లాగి గిన్నె అడుగున మడుగు కట్టిస్తుంది. షిఫ్టు డబ్బాలో పెట్టి పంపేటట్టయితే పప్పూ ముక్కలూ ఒక గిన్నెలో, ఉప్పూ కారం చిన్న పొట్లంలో విడిగా పెట్టాలి. మయోనైజ్ సీసా కొనడం కన్నా ఇది తేలిక, చవక కూడా.

తీపి వంటల దగ్గర నా వాదానికి ఒక హద్దు ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. అరిసెల పాకాన్ని మరీ చిన్న కొలతకు దించలేం. రెండు గుప్పిళ్ల బెల్లంతో పాకం పడితే, నీళ్లలో వేసి ఉండ అవుతుందా అని చూసేలోపే అది ముదురుతుంది. ముదిరిన పాకంలో తడి పిండి పోస్తే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. అందుకని అరిసెలు పక్కింటివాళ్లతో కలిసి చేసుకోవలసిన వంట. ఒక్కరే చేసుకునే రోజున ఇంకో తీపిని ఎంచుకోవాలి, అలాంటివి మనకు కొదవ లేదు. సద్దుల బతుకమ్మకు చేసే మలీద చూడండి: వేడి గోధుమ రొట్టెలను చేత్తో నలిపి, తురిమిన బెల్లం, యాలకుల పొడి, నెయ్యి కలిపి ముద్ద కట్టడమే. పాకం లేదు, మూకుడు లేదు. నాలుగు రొట్టెలతోనూ చేయొచ్చు, నలభైతోనూ చేయొచ్చు. నువ్వుల ముద్దకు దోరగా వేయించిన నువ్వులూ బెల్లమూ రోకటి పోటు తింటే చాలు, నువ్వుల్లోని నూనే ముద్దను పట్టి ఉంచుతుంది. ఇవన్నీ పండుగ పళ్లెంలో ఎప్పటినుంచో ఉన్నవే. పిండివంట అంటే నూనెలో మునిగేదే అనుకోవడం వల్ల వీటిని మరిచాం.

ఆరోగ్యం పేరుతో వచ్చే అభ్యంతరం గట్టిది. దాన్ని తోసిపుచ్చలేం. పారా, తట్టలతో బొగ్గు ఎత్తిన తరం ఖర్చు చేసిన శక్తి వేరు, డంపర్ సీట్లో కూర్చుని షిఫ్టు గడిపే ఆపరేటర్ ఖర్చు చేసేది వేరు. తీపి ఎంత తినాలో ఆ లెక్కన మారాల్సిందే. రోజువారీ శక్తిలో పదో వంతుకు మించి అదనంగా చేరే చక్కెరల నుంచి రాకూడదని, ఐదు శాతానికి దించితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఐదు శాతమంటే పెద్దవాళ్లకు దాదాపు 25 గ్రాములు. దీనికి చాలామంది చెప్పే మందు చక్కెర బదులు బెల్లం వాడమని. బెల్లంలోనూ అత్యధిక భాగం చక్కెరే. రుచికి బెల్లం మేలే గానీ, షుగరున్న మనిషికి అది రాయితీ ఇవ్వదు. ఇంకొందరు సకినాలను ఓవెన్‌లోనో ఎయిర్ ఫ్రయర్‌లోనో కాలుస్తారు. కాగిన నూనె నలువైపులా ఒక్కసారిగా తాకి నీటిని ఆవిరిగా తన్నడం వల్ల సకినం లోపల సన్నని గుల్ల ఏర్పడుతుంది. వేడిగాలికి ఆ వేగం లేదు, పిండి మెల్లగా ఎండి రాయవుతుంది. దాన్ని సకినమని తినడం కన్నా నిజమైన సకినాలు రెండు తిని లేవడం మేలు. పావుకిలో చేసినప్పుడు తినేదీ అంతే, మిగిలే నూనె కూడా తక్కువ. మూకుడు నిండా మిగిలిన నూనెను పారబోయలేక మళ్లీ మళ్లీ కాచడమే అసలు ముప్పు. నూనెను పదేపదే కాస్తే పుట్టే పదార్థాలు 25 శాతం మించకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం ఉండదు. ఇంటికి దొరికే రక్షణ నూనె తక్కువ పోయడం, మిగిలిన కాస్తనూ ఒకటి రెండు రోజుల్లో కూరల్లో వాడేయడం.

చివరి అభ్యంతరం మనసుకు సంబంధించింది. కొలత తగ్గితే పంచిపెట్టడం తగ్గుతుందని, వాడకట్టు కూడడం పోతుందని పెద్దవాళ్లు బెంగపడతారు. సెంటినరీ కాలనీలాంటి చోట ఆ బెంగకు బలముంది. కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి నుంచి బదిలీపై వచ్చిన కుటుంబాలను, చుట్టుపక్కల ఊళ్లవాళ్లను, ఆంధ్ర వైపు నుంచి వచ్చినవాళ్లను కలిపింది యూనియన్ ఒక్కటే కాదు, గిన్నె మీద పళ్లెం మూసి పక్క క్వార్టర్‌కు పంపిన పిండివంట కూడా. అయితే ఒకే ఇల్లు ఐదు కిలోలు చేయడం వల్లే పంపకం జరగాలని లేదు. నాలుగిళ్లు తలా కొంచెం బియ్యం నానబోసి ఒక మెట్ల దగ్గర కూర్చుంటే కూడిక నిలుస్తుంది, ఎవరి నడుమూ విరగదు. ఒకరు సకినాలు, ఒకరు సున్నుండలు, ఒకరు గారిజలు చేసి మార్చుకుంటే ప్రతి డబ్బాలో మూడు రకాలుంటాయి. బిడ్డకు సారె పంపాల్సి వచ్చినప్పుడు బుట్టలకొద్దీ కావాలి. వాటిని పిండివంటలు చేసి అమ్మే ఆడవాళ్లకు అప్పగించడంలో చిన్నతనం లేదు, అది వాళ్లకు పని, మనకు విశ్రాంతి. ఇంటి వంటకు ఇంటి కొలత, సారెకు సారె కొలత.

ఇప్పుడు జరగాల్సింది రాసిపెట్టడం. హైదరాబాద్‌లోనో దేశం బయటో ఉద్యోగం చేసుకుంటున్న కాలనీ పిల్లలు ఫోన్లో అడిగితే, ఐదు కిలోల లెక్క తప్ప చెప్పడానికి మరోటి లేక పెద్దవాళ్లు "నీవల్ల కాదు బిడ్డా, కొనుక్కో" అంటున్నారు. ఒక్కో వంటకూ పావుకిలో కొలత, ఒక్కో మెట్టు ఎందుకుందో ఒక్కో వాక్యం రాసిస్తే అవతల వంటిల్లు ఎంత ఇరుకైనా పని సాగుతుంది. కుట్టుపని మొదలుకొని ఎన్నో నేర్పుతున్న సింగరేణి సేవా సమితి లాంటివి ఈ కొలతలను కూడా పాఠంగా పెట్టొచ్చు. కారణం తెలిసినవారు పాత్ర మార్చినా, ధాన్యం మార్చినా వంట చెడదు. కారణం తెలియకపోతే ఐదు కిలోలు చేసినా అది అలవాటే తప్ప విద్య కాదు. పిల్లలకు డబ్బా నిండా సకినాలు పంపడం ప్రేమే. వాళ్లంతట వాళ్లు పావుకిలో చేసుకునేటట్టు నేర్పడం అంతకన్నా ఎక్కువ కాలం నిలిచే ప్రేమ.