తడి బనియను

చలికాలమున ఆటలాడువారికి దళసరి బట్టలే మేలని మేము చాల యేండ్లు నమ్మియుంటిమి. పిల్లలకును అట్లే చెప్పుచు వచ్చితిమి. ఆ నమ్మకము రేపల్లెలో ఒక పుష్యమాసపు ఉదయమున సడలెను.

పరుగుపందెముల కొరకు తెనాలినుండి పిల్లలతో తెల్లవారుజాము రైలున బయలుదేరితిమి. పొలములపై మంచు క్రమ్మియుండెను. అందరిచేతను మందపు నూలు బనియనుపై మరియొక నూలుచొక్కా తొడిగించి, మా ముందుచూపునకు మేమే సంతసించితిమి. దూరపు పరుగులో మావాడొకడు రెండవవాడుగా వచ్చెను. బట్టలు పిండిన నీరు కారునట్లుండెను. బహుమతులు పంచువరకు వానిని గట్టుమీద గాలిలో కూర్చుండబెట్టితిమి. అర్ధగంటలో వాని పెదవులు నల్లబడెను; పండ్లు టకటక కొట్టుకొనెను; ఇచ్చిన బహుమతి పుస్తకము చేతినుండి జారెను.

అచట వేరుసెనగకాయలమ్ము ముసలమ్మ చూచి, "పంతులుగారూ, తడిగుడ్డ పిల్లోడి ఒంటిమీదే ఆరబెడతారా?" అని గద్దించి, బట్టలు విప్పించి, తన దుప్పటి కప్పెను.

ఆ మాట మాకు గట్టిగా తగిలెను. బాపట్లలో ఉపాధ్యాయశిక్షణ పొందిననాటినుండి, కుండలోని నీరేల చల్లబడునో నల్లబల్లపై బొమ్మగీచి చెప్పుచున్నవారము మేమే గదా! ఒక గ్రాము చెమట ఆవిరియగుటకు రమారమి 580 కేలరీల వేడి కావలెను. ఆ వేడిలో ఎక్కువపాలు దేహమునుండియే పోవును. పరుగు సాగునంతసేపు కండరములు వేడిని పుట్టించుచుండును గనుక బాధలేదు. పరుగు ఆగగానే ఆ పొయ్యి ఆరును. తడి మాత్రము ఆరదు. మరియు బట్ట వెచ్చదనము పోగులనడుమ నిలిచిన గాలివలన కలుగునది. ఆ సందులు నీటితో నిండినచో వేడి వేగముగా దాటిపోవును. నిలుకడగాలికంటె నీరు 20 రెట్లకు మించి వేడిని ప్రసరింపజేయును. నూలు నీటిని పీల్చి పట్టుకొనునది. కావున మేము మందము హెచ్చించినకొలది తడియు హెచ్చినది! ఉన్ని తడిసినను కొంత గాలిని నిలుపుకొనును. పాలియెస్టరు నీటిని అంతగా పీల్చక త్వరగా ఆరును.

2014 మే 25న, 14 యేండ్లు నిండని మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరమెక్కినది. ఆ చలిముందు మన డెల్టా చలి యెంత! అయినను అట్టి కొండలెక్కువారును ఒంటినంటిన పొర పొడిగా నుండవలెననియే మొదట చూతురు.

ఇప్పుడు పందెములకు పోవునపుడు ప్రతివాని సంచిలోను ఒక తువాలు, ఒక పొడిచొక్కా ఉన్నవో లేవో మేమే తడిమి చూచుచున్నాము. పరుగునకుముందు పైచొక్కా విప్పింతుము. కొంచెము చలివేసినను వేయనిండు.

ఆ సాయంకాలమే పిల్లవాని తల్లికి జరిగినదంతయు చెప్పితిమి. ఆమె మమ్మేమియు ననలేదు. దుప్పటి యెవరిదని మాత్రమడిగెను. మరునాడు దానిని ఉతికి ఆరవేసి, రేపల్లె రైలెక్కి తానే తీసికొనిపోయి యిచ్చివచ్చెను.