ఏ ఊరు, ఎవరి నోరు?

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షకు తయారయ్యే పిల్లల వ్యాసాలు దిద్దడం చాలా ఏళ్లుగా నా పని. ఏ బ్యాచ్ వచ్చినా ఒక వాక్యం మాత్రం నాకు తప్పకుండా ఎదురవుతుంది: ఈ రోజుల్లో కాలుష్యం 'టాక్ ఆఫ్ ది టౌన్' అయిపోయిందని. కాలుష్యం కాకపోతే నిరుద్యోగం, అదీ కాకపోతే సెల్‌ఫోన్లు. వ్యాకరణం ప్రకారం చూస్తే అందులో వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు. అయినా ఇంగ్లిష్ మాతృభాషగా పెరిగినవాళ్లు సాధారణంగా అలా రాయరు. ఎందుకు రాయరో పిల్లలకు విడమరిచి చెప్పడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

"అర్థం అదే కదా మేడమ్? అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారనే కదా?" అని అడుగుతారు. అర్థం అదే. కానీ ఎలాంటి సంగతికి ఆ మాట వాడాలన్నది అర్థం చూస్తే తెలియదు, వాడుక చూస్తే తెలుస్తుంది. ఇంగ్లిష్ వాళ్లు దాన్ని కొత్తగా జరిగిన, ఫలానా అని చూపించగలిగిన సంగతికి వాడతారు. మొన్న జరిగిన పెళ్లి, కొత్తగా తెరిచిన హోటల్, ఉన్నట్టుండి రాజీనామా చేసిన హెడ్‌మాస్టర్, నిన్నటి ఆటలో సెంచరీ కొట్టిన కుర్రాడు, ఇలాంటివి 'టాక్ ఆఫ్ ది టౌన్' అవుతాయి. కొన్నాళ్లు అందరి నోళ్లలో నాని, ఇంకో కబురు రాగానే పక్కకు తప్పుకుంటాయి. కాలుష్యం అలా వచ్చిపోయే కబురు కాదు. ఏళ్ల తరబడి నలుగుతున్న సమస్యలకు వాళ్ల దగ్గర వేరే మాటలున్నాయి. 'వైడ్లీ డిస్కస్డ్' అంటారు, 'మచ్ డిబేటెడ్' అంటారు, జనం రెండుగా చీలి వాదించుకుంటుంటే 'కంటెన్షస్' అంటారు.

ఆ పరీక్షలో రాతకైనా మాటకైనా మార్కులు వేసేది నాలుగు కొలతల మీద. అందులో పదసంపద ఒకటి. బట్టీపట్టిన జాతీయాలు నాలుగు ఇరికిస్తే ఆ కొలతలో మార్కులు పెరుగుతాయని పిల్లలు గట్టిగా నమ్ముతారు. కానీ పరీక్షకులు చూసేది మాట తన చోట కుదిరిందా లేదా అన్నది. సాదా మాటల్లో విషయం సూటిగా చెప్పిన పిల్లకు దక్కే మర్యాద, చోటు కాని చోట జాతీయం పెట్టిన పిల్లకు దక్కదు. ఫీజుకోసం అప్పు చేసి వచ్చిన కుటుంబాల పిల్లలు స్కోరులో అర బ్యాండు తక్కువై మళ్లీ పరీక్ష రాయాల్సి వస్తే ఎంత కుంగిపోతారో చూశాను. అందుకే ఇది నాకు చిన్న విషయంగా కనిపించదు.

వాడుకను వాడుకగా నేర్పవచ్చని నాకు ధైర్యమిచ్చింది కోబిల్డ్ నిఘంటువు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో తయారై 1987లో వెలువడింది. పుస్తకాల్లోవీ, పత్రికల్లోవీ, మనుషులు మాట్లాడుకున్నవీ లక్షల మాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏ మాట ఏ మాటల పక్కన వస్తోందో చూసి దాన్ని రాశారు. నేనూ క్లాసులో అర్థాలు రాయించడం తగ్గించి, అచ్చయిన వాక్యాలు వరసగా చదివించడం పెంచాను. అలా ఓ పదీ పన్నెండూ చదివితే చాలు, సంగతి పిల్లలే పట్టేస్తారు. ముందు 'ది' లేకుండా 'టాక్ ఆఫ్ ది టౌన్' అనే మాట నిలవదు. 'టౌన్' ఉన్నచోట ఆఫీసు రావచ్చు, పల్లె రావచ్చు, హాలీవుడ్ రావచ్చు. మెచ్చుకోలుకైనా అపవాదుకైనా ఇదే మాట, ఏదన్నది పక్క వాక్యం చెప్పాలి. 'టంగ్స్ ఆర్ వ్యాగింగ్' అంటే మాత్రం ఏదో కానిపని మీదే నాలుకలు ఆడుతున్నాయని. మనవాళ్లు చెవులు కొరుక్కుంటున్నారు అన్నప్పుడు ధ్వనించేదే అక్కడా ధ్వనిస్తుంది.

ఆఫీసుల్లో ఇంతకంటే ఇబ్బంది పెట్టే మాట ఒకటుంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్లాసులు చెబుతున్నప్పుడు అక్కడి పిల్లలు నాకొక మెయిల్ చూపించారు. ప్రాజెక్టును వేరే నగరానికి మార్చడం గురించి 'దేర్ ఈజ్ సమ్ టాక్' అని అమెరికాలోని మేనేజరు రాశాడు. వీళ్లు దాన్ని చర్చలు నడుస్తున్నాయని చదువుకున్నారు. ఒకబ్బాయి అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని ఓనరుకు చెప్పడానికి సిద్ధపడ్డాడు. ఆ రోజు పాఠం పక్కనపెట్టి బోర్డు మీద మూడు వరసలు రాశాను. 'టాక్స్' అని బహువచనంలో ఉంటే రెండు పక్షాలు కూర్చుని జరిపే సంప్రదింపులు. రెండు దేశాల మధ్యనో, యూనియన్‌కూ యాజమాన్యానికీ మధ్యనో జరిగేవి. 'దేర్ ఈజ్ టాక్ ఆఫ్' అంటే అనుకుంటున్నారట అని, ఇంకా ఏదీ ఖాయం కాలేదని. 'ది టాక్ ఆఫ్' అంటే విషయం అందరి కళ్లముందూ ఉంది, ఎక్కడ చూసినా దాని మాటే అని. ఒక 'ది' దగ్గర, ఒక 'స్' దగ్గర అర్థం ఇంత దూరం జరుగుతుంది. ఆ మేనేజరు తన మాటలో జాగ్రత్తపడి తనకు తెలిసినంతే చెప్పాడు. ఆ జాగ్రత్త చదివేవాళ్లకు అందకపోతే పోయేది వాళ్ల నిద్రే.

ఇంత నిర్దిష్టంగా మాట్లాడే అలవాటు ఎక్కడిదని పిల్లలు అడిగినప్పుడు వాళ్లను లండన్‌కు తీసుకెళ్తాను. 17వ శతాబ్దంలో అక్కడ 'ది టౌన్' అంటే ఊరంతా కాదు. వర్తకులు, వడ్డీ వ్యాపారులు ఉండే పాత భాగం 'ది సిటీ'. దానికి పడమరగా రాజాస్థానం, నాటకశాలలు, పెద్దింటివాళ్ల మేడలు ఉన్న భాగం 'ది టౌన్'. అంటే ఆ మాటకు అప్పటికే ఒక పేట ఉంది, ఆ పేటలో మాట్లాడుకునే మనుషులున్నారు. నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగం చేసిన శామ్యూల్ పీప్స్ 1660 నుంచి 1669 దాకా డైరీ రాశాడు. రాజు రెండో చార్లెస్ ఎవరిని పెళ్లాడతాడన్నదే ఇప్పుడు టౌనులో మాట అని 1661 ఫిబ్రవరిలో రాసుకున్నాడు. మరుసటేడు ఆ రాజు పోర్చుగల్ రాకుమారి కేథరిన్‌ను చేసుకున్నాడు. ఆ కట్నంలో బొంబాయి ఇంగ్లండ్ చేతికి వచ్చింది, 1668లో ఈస్టిండియా కంపెనీకి దక్కింది. లండన్‌లో ఒక పేట నోట నానిన పెళ్లి మన తీరాన్ని కూడా తాకిందని చెప్పినప్పుడు వెనక బెంచీల్లోవాళ్లు కూడా తలెత్తుతారు.

ఆ మాటలు సాగే చోట్లు కాఫీ హౌసులు. అక్కడ పుట్టే పుకార్లు ప్రభుత్వానికి చేటు తెస్తున్నాయని 1675 డిసెంబరులో అదే చార్లెస్ వాటిని మూసేయమని ప్రకటన ఇచ్చాడు. జనం మండిపడేసరికి కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నాడు. 1709లో రిచర్డ్ స్టీల్ మొదలుపెట్టిన టాట్లర్ పత్రిక ఒక్కో రకం వార్త కింద ఒక్కో కాఫీ హౌసు పేరు వేసేది. కవిత్వం సంగతులు విల్స్ కాఫీ హౌసు నుంచి, పాండిత్యం గ్రీషన్ నుంచి, దేశవిదేశాల వార్తలు సెయింట్ జేమ్స్ నుంచి. ఏ మాట ఎక్కడ వినిపించిందో పాఠకుడికి చెప్పడం ఆ పత్రిక తన బాధ్యతగా పెట్టుకుంది. 1925లో న్యూయార్కర్ పత్రిక తొలి సంచికలోనే 'ది టాక్ ఆఫ్ ది టౌన్' అనే శీర్షిక పెట్టింది. అదింకా నడుస్తోంది. నగరంలో చూసినవీ విన్నవీ చిన్నచిన్న కథనాలుగా అందులో వస్తాయి.

చోటును బట్టే మాట అన్నది నాకు మరింత బలంగా తెలిసింది గ్లాస్గో నుంచి వచ్చిన ఫోనుతో. నా దగ్గర చదువుకుని అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరిన అమ్మాయి చేసింది. "మేడమ్, నేను 'టాక్ ఆఫ్ ది స్టీమీ' అంటున్నారు. నామీద ఏమైనా చెప్పుకుంటున్నారా?" అని అడిగింది. గొంతులో భయం తెలుస్తోంది. స్టీమీ అంటే ఇళ్లలో వాషింగ్ మెషీన్లు లేని కాలంలో గ్లాస్గో పేటల్లో ఉన్న ఉమ్మడి బట్టలుతుకు శాల. ఆవిరి నీళ్లలో బట్టలు నానబెట్టి ఆడవాళ్లు కష్టసుఖాలు చెప్పుకునే చోటు. దాని మీద టోనీ రోపర్ రాసిన నాటకం 1987లో ఆడింది, అక్కడివాళ్లు దాన్ని ఇప్పటికీ సొంతంగా చూసుకుంటారు. ఆ మాట మంచికీ వాడతారు, చెడుకీ వాడతారు కాబట్టి, "దానికి ముందు ఏమన్నారమ్మా?" అని అడిగాను. ఒక ముసలాయనకు తను అన్నం తినిపించిన తీరును ఆయన కూతురు వార్డులో అందరికీ చెప్పిందట. "అయితే నిన్ను వాళ్ల మనిషిని చేసుకున్నారు" అన్నాను. స్టీమీ మాట పరాయివాళ్లతో ఊరికే అనే మాట కాదు.

ఆ ఫోను తర్వాత ఇలాంటి మాటలన్నీ ఒకచోట చేర్చి పాఠంగా తయారుచేశాను. అన్నీ నీళ్ల దగ్గరికే దారి తీశాయి. అమెరికన్లు పుకారును 'స్కటిల్‌బట్' అంటారు. అది ఓడలో నావికులు తాగునీళ్లు ముంచుకునే పీపా. ఆస్ట్రేలియాలో గాలికబురును 'ఫర్ఫీ' అంటారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనిక శిబిరాలకు నీళ్లు తెచ్చిన బళ్ల ట్యాంకుల మీద తయారీదారు ఫర్ఫీ పేరు రాసి ఉండేది. నీళ్లతోపాటు బండివాళ్లు కబుర్లూ మోసుకొచ్చేవారు. ఆఫీసు కబుర్లకు 'వాటర్ కూలర్' పేరు వచ్చింది. చాకిరేవు, చెరువుగట్టు, వీధి కుళాయి తెలిసిన మన పిల్లలకు దీన్ని విడిగా వివరించక్కర్లేదు. నాలుగు బిందెలు ఎదురుచూసే చోట నాలుగు మాటలు పుడతాయి. పరాయి భాష మీద ఉన్న బెరుకు ఆ పాఠంతో చాలామందికి తగ్గడం నేను గమనించాను.

మన తెలుగులో కూడా ఈ 'టాక్' స్థిరపడింది. ఫలానా సంగతి టాక్ ఆఫ్ ది టౌన్‌గా మారిందని మన పత్రికలు రాస్తాయి. సినిమా విడుదలైన రోజు ఉదయం ఆట వదిలేసరికి టాక్ బయటికి వస్తుంది. హిట్ టాక్, డివైడ్ టాక్, మౌత్ టాక్. ఇవి తప్పని నేను అనను. మనం చేసుకున్న మాటలివి, మన హాళ్ల ముందు పుట్టినవి, మన మధ్య చక్కగా పనిచేస్తాయి. తెలుగులో టాక్ అంటే జనం తీర్పు. ఇంగ్లిష్ టాక్‌కు ఆ తీర్పు అర్థం లేదు. డల్లాస్‌లో పక్క సీటు అమెరికన్‌తో 'మౌత్ టాక్ ఈజ్ గుడ్' అంటే అతను తికమకపడతాడు. చూసినవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటే 'వర్డ్ ఆఫ్ మౌత్', చూడకముందే ఆసక్తి రేగితే 'బజ్'. రెండు ఇళ్లలోనూ తిరగాల్సిన పిల్లలు ఏ ఇంటి మాట ఆ ఇంట్లో వాడాలి, ఏ ఒక్కదానికీ సిగ్గుపడకూడదు.

ఇన్నేళ్ల పనిలో నాకు బలపడిన నమ్మకం ఒకటి ఉంది. అందరూ అనుకుంటున్నారు అనేది ఏ భాషలోనైనా చాలా బరువైన ప్రకటన. కబుర్లలో దాన్ని పెంచి చెప్పినా ఎవరికీ నష్టం లేదు, వినేవాళ్లు తగ్గించుకుని వింటారు. రిపోర్టులో, వ్యాసంలో, పై అధికారికి రాసే మెయిల్‌లో రాస్తే దానికి ఆధారం అడుగుతారు. అందుకే ఆ మాట రాసిన ప్రతి పిల్లనీ పిల్లవాడినీ రెండు ప్రశ్నలు అడుగుతాను: ఏ ఊరు? ఎవరి నోరు? ఆసుపత్రి పరిపాలన చదువుతున్న ఒకమ్మాయి, కొత్త డిశ్చార్జి పద్ధతి గురించి అందరూ మాట్లాడుకుంటున్నారని తన ప్రాజెక్టులో రాసింది. అడిగితే కాసేపు ఆలోచించి, ఎముకల వార్డులో రోగుల బంధువులు బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎదురుచూస్తూ అనుకున్నారని, రాత్రి షిఫ్టు నర్సులు కూడా అదే చెప్పారని అంది. అదే రాయమన్నాను. ఆ వాక్యంలో జాతీయం లేదు, అలంకారం లేదు. కానీ చదివిన అధికారికి ఎక్కడికి వెళ్లి ఎవరిని అడగాలో తెలుస్తుంది.

మా పిల్లలు రేపు గ్లాస్గోలో రోగి పక్కన నిలబడతారు, డల్లాస్‌లో క్లయింటుకు సమాధానం చెబుతారు, హైదరాబాద్‌లో కూర్చుని ఆ రెండు చోట్లకూ మెయిళ్లు రాస్తారు. అక్కడ వాళ్ల ఉచ్చారణ కాస్త తేడాగా ఉన్నా జనం సర్దుకుంటారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే ఉంటుందన్న నమ్మకం కుదరకపోతే మాత్రం సర్దుకోరు. ఎవరు అన్నారో, ఎంతమంది అన్నారో, ఎంత ఖాయమో ఉన్నదున్నట్టు చెప్పే ఇంగ్లిష్‌ను వాళ్ల చేతికి ఇవ్వడమే నా పని. వ్యాసం మార్జిన్‌లో ఆ రెండు ప్రశ్నలూ రాయడం అందుకే మానను.