వెలుగునకు మడి

శుచి యను పదమునకు మేము ఇరువదియేండ్లుగా బాలురకు "పరిశుభ్రమైనది" అని యర్థము చెప్పుచున్నాము. అది తప్పు గాదు గాని, చాలదు. చాలదని మాకు తెలిసినది ఏ పండితసభయందును గాదు. ముదిగుబ్బలో మా యింటి నడవలో, గోడకు తగిలించిన యొక చిన్న తెల్లపెట్టె యెదుట.

ముదిగుబ్బ నెఱుగని చదువరులకు రెండు మాటలు. ఇది అనంతపురమునుండి కదిరికి బోవు బాటమీద, ధర్మవరము–పాకాల రైలుమార్గమున నున్న మండలకేంద్రము. 2022 ఏప్రిలులో జిల్లాలు విడిపోయినప్పటినుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. మద్దిలేటిపై గట్టిన యోగి వేమన జలాశయము మా మండలమునందలిదే. వానలు తక్కువ, వేరుసెనగ యెక్కువ, దుమ్ము అన్నిటికంటె నెక్కువ. వేసవిగాలి లేచినచో తలుపులు మూసినను, అరగంటలో పుస్తకములమీద వ్రేలితో అక్షరాభ్యాసము చేయవచ్చును. ఈ దుమ్మును పాఠకులు మఱవకుందురుగాక. ముందు దీనితో పని యున్నది.

ఇట్టి యూరికిని గాజుపోగు వచ్చినది. 2017 డిసెంబరు 27వ తేదీన అప్పటి రాష్ట్రపతి రామనాథ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించిరి. నేలను త్రవ్వక, ఉన్న విద్యుత్ స్తంభములమీదనే తీగ లాగికొనిపోవుట ఆ పథకములోని విశేషము. తరువాత ప్రైవేటు సంస్థలవారును అదే త్రోవ పట్టిరి. ఇప్పుడు మా వీధిలో తలయెత్తి చూచినచో ఆకాశమునకు నల్లదారముతో కుట్లు వేసినట్లుండును. మా యింటి తీగ యెవరిదో యిక్కడ చెప్ప నక్కఱలేదు. ఏలయన దోషము వారిది గాదని ముందు తేలనున్నది.

ఆనాడు మా పాఠశాలలో పదవతరగతి ముగించిన యొక బాలిక పాలిటెక్నిక్ కళాశాలల నెన్నుకొని కంప్యూటరులో నమోదు చేయవలసియుండెను. గడువు ఆ రాత్రితో సరి. తండ్రి బేల్దారిపనికి కూలిపోవువాడు. "సెంటరుకు పోయి డబ్బులేల పెట్టుదురు? మా యింటికి రండు" అని మేమే పిలిచితిమి. వారు మధ్యాహ్నము వచ్చి కూర్చుండిరి. పచ్చగా వెలుగవలసిన దీపము ఎఱ్ఱగా వెలుగుచుండెను.

పెట్టె నార్పి వెలిగించితిమి. తట్టితిమి. పిదప ఫిర్యాదుల విభాగమునకు ఫోను చేసి, నెల క్రిందట మరమ్మతునకు వచ్చిన కుర్రవాడు తీగను సరిగా బిగింపలేదనియు, అట్టివానిని పనిలో నుంచుకొనుట తగదనియు, మా తరగతిగది కంఠముతోనే చెప్పితిమి. అవతలివారు వ్రాసికొంటిమనిరి. సాయంకాలమువఱకు దీపము మాఱలేదు. తండ్రికూతుండ్రు బస్సెక్కి కదిరికి పోయి, అక్కడ నెట్ సెంటరులో రాత్రి తొమ్మిదింటికి పని ముగించుకొనిరి. ఆయనకు సగముదినపు కూలి పోయెను. బస్సుచార్జీ లిచ్చెదమన్నను ఆయన పుచ్చుకొనలేదు.

మఱునాటి యుదయము వచ్చినవాడు ఆ కుర్రవాడే. మా శిష్యుడే. తొమ్మిదవతరగతిలో వానిని కడపటి బల్లమీద కూర్చుండబెట్టి, "నీకు చదువు రాదురా" అని రెండుమూడుమాఱులు చెప్పియుందుము. అతడు మఱచెనో లేదో మేమడుగలేదు. వాని పెద్దలు మా తల్లిగారి చిన్ననాట మా వీధిబావి నీరు ముట్టరానివారు. బావి యెన్నడో పూడిపోయినది గాని, మా తల్లిగారి కాళ్లకు ఆ కాలపు అలవాటింకను బోలేదు. వాడు నడవలో నడుగిడగానే ఆమె తులసికోట వైపునకు రెండడుగులు జరిగినది. మేము చూచితిమి, వాడును చూచెను. మడిని ఖండించుచు మేము వ్యాసములు వ్రాసియుంటిమి; ఆ రెండడుగులగూర్చి మాత్రము ఇంట నెన్నడును నోరెత్తి యెఱుగము.

వాడు పెట్టెనుండి ఆకుపచ్చ కొనగల తీగను మెల్లగా నూడదీసెను. దాని చివర రెండున్నర మిల్లీమీటర్ల తెల్లని పింగాణి కడ్డీ యుండును. ఆ కడ్డీ నడుమ గాజుపోగు. పోగు మొత్తము 125 మైక్రాన్లు. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఆ పోగునకును గర్భము గలదు. వెలుగు నడచునది దానియందే. దాని వెడల్పు సుమారు తొమ్మిది మైక్రాన్లు, అనగా తలవెండ్రుకలో నేడెనిమిదవ వంతు. కడ్డీ కొనను ఎనిమిది డిగ్రీల వాలుగా నఱుగదీసియుందురు. ఎదురుతగిలి వెనుదిరిగిన వెలుగు వచ్చిన దారినే పోక ప్రక్కకు తొలగిపోవుటకట. ఆకుపచ్చరంగు ఆ వాలునకు గుఱుతు. నీలిరంగు దానికి వాలుండదు. పచ్చదానిని నీలిదానితో జత చేయరాదు.

మా తల్లిగారు కుతూహలము పట్టలేక దగ్గఱకు వచ్చి, ఆ కొనను పట్టి చూడబోయినది.

"ముట్టుకోవద్దవ్వా! ముట్టుకుంటే చెడిపోతాది" అనెను వాడు.

నడవ యొక్కక్షణము నిశ్శబ్దమయ్యెను. ఆ మాట మా యింట కొన్నితరములుగా చెప్పుచు వచ్చినదే. వినుట అదే మొదటిమాఱు. వాని మనసులో వ్యంగ్యమేమియు లేదు. పనిగొడవలో ననిన మాట. మా తల్లిగారు చేయి వెనుకకు దీసికొని, "మడా?" అని యడిగినది.

"ఆ, మడే అనుకో అవ్వా."

వాడు సంచిలోనుండి చేతిలో నిముడు సూక్ష్మదర్శిని నొకదానిని దీసెను. నలుగురు కుర్రవాండ్రు వంతులవారిగా వాడుకొనునదట. తీగ చివర నందు దూర్చగా, తెఱమీద బూడిదరంగు చంద్రబింబమువంటి దొకటి కనబడెను. బింబము నడుమ చిన్న చుక్క. అదియే వెలుగు బాట. ఆ చుక్కమీదుగా జిడ్డుమరకలు, చిన్నచిన్న బిందువులు, అడ్డముగా త్రాటివలె నొక పోగు.

"ఇది వేలి జిడ్డు సార్. ఇది బట్టపోగు. ఎవరన్నా పీకి తువ్వాలుతో తుడిచినారా?"

చదువరులారా, మూడుదినముల క్రిందట దుమ్ము దులుపుచు ఆ తీగ నూడదీసినవారము మేమే. కొనపై దుమ్మున్నదని తలచి, నోటితో నూది, వ్రేలితో రాచి, భుజముమీది తువ్వాలు కొంగుతో తుడిచి, శుభ్రము చేసితిమను తృప్తితో మరల బిగించినవారము మేమే. ఊదిన గాలిలో తడి యుండును, వ్రేలియందు జిడ్డుండును, తువ్వాలునందు నూలుండును. మూటిని నొకదానివెంట నొకటిగా నద్దితిమి.

వాడు ఫోనులోని ఫిర్యాదు మాట యెత్తలేదు. ఎత్తియుండిన మాకు కొంత సులభముగా నుండెడిది.

మురికి యుండుటకంటె మురికిని నొక్కుట యెక్కువ కీడట. రెండు కడ్డీల కొనలు లోపల స్ప్రింగుబలముతో నొకదానినొకటి యొత్తుకొనును. నడుమ దుమ్ముకణ మున్నచో అది నలిగి చెల్లాచెదరై, గాజును గంటుపెట్టును. గంటు పడినచో తుడిచిన పోదు, కొన మార్చవలసినదే. ఒక కొన మురికి రెండవదానికిని అంటును. అందుచేత ఈ పనివారి మొదటి నియమము: జత చేయుటకు ముందు చూడుము, మురికి యున్నచో తుడువుము, తుడిచినపిదప మరల చూడుము. ఐ.ఇ.సి. యను అంతర్జాతీయసంస్థ ప్రకటించిన 61300-3-35 అను ప్రమాణము, కొనను వలయములుగా విభజించి, ఏ వలయమున నెంత దోషమును సహింపవచ్చునో నిర్ణయించినది. నడిమి వలయమున మచ్చకు చోటులేదు.

పిదప వాడు కలమువంటి సాధనము నొకదానిని దీసి, కొనకు దగిలించి యొత్తగా "టిక్కు"మనెను. లోపల నూలులేని సన్నని పట్టీ యొకటి చుట్టుకొనియుండి, ఒత్తినప్పుడెల్ల క్రొత్తభాగము తిరిగి కొనను తుడుచును. తుడిచిన భాగము మరల రాదు. ఆ కలము సంస్థ యిచ్చినది గాదు, తానే కొనుక్కొన్నాడట. మరల చూచెను. పోగు పోయెను గాని జిడ్డు పోలేదు. అప్పుడు నూలు రాలని కాగితముపై చిన్నసీసాలోని ఐసోప్రొపైల్ ఆల్కహాలును రెండు చుక్కలద్ది, కొనను ఒకే దిక్కున లాగి, వెంటనే పొడిభాగముమీద మఱియొకమాఱు లాగెను. తడి ఆఱునట్లు విడిచినచో దాని మరకయే క్రొత్త మురికియగునట. వట్టి పొడిగుడ్డతో పదేపదే రాచినను లాభములేదు. రాపిడికి విద్యుదావేశము పుట్టి దుమ్మును పిలుచుకొనును. మరల చూచెను. బింబము అద్దమువలె నుండెను. అంతటితో బిగించునేమోయని మేమనుకొంటిమి. వాడు పెట్టెలోని రంధ్రమునకును అదే సేవ చేసెను. "ఒక పక్క కడిగి రెండో పక్క వదిలేస్తే కడగనట్లే సార్."

ఊడదీసిన కొనలోనికి మేము తొంగిచూడబోగా వాడు మమ్మును గూడ వారించెను. అందు వచ్చు వెలుగు 1490 నానోమీటర్లదట. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. అది కంటికి కనబడని పరారుణకాంతి. కనబడదు గనుక రెప్ప పడదు; రెప్ప పడదు గనుక కీడు చేయగలదు.

వాడు వచ్చినప్పుడు కొలిచిన వెలుగు మైనస్ 29. తుడిచిన పిదప మైనస్ 19. ఈ లెక్కలో పది హెచ్చుటయనగా పదింతలగుట. దూరపు కార్యాలయమునుండి వచ్చు ఒక్క పోగు వెలుగును త్రోవలో ముప్పదిరెండిండ్లకో అఱువదినాలుగిండ్లకో పంచిపెట్టుదురు గనుక, ఇంటికి చేరునది మొదలే కొంచెము. ఆ కొంచెములో పదింట తొమ్మిదిపాళ్లు మా తువ్వాలు తినివేసినది.

ఇక్కడ మేము కొంచెము దారితప్పి పోవుదుము. బడిపంతుళ్ల యలవాటు క్షంతవ్యము. పంజాబున బుట్టిన నరీందర్ సింగ్ కపానీ గారు 1954లో హాప్కిన్స్ గారితో గూడి గాజుపోగుల కట్టద్వారా చిత్రమును పంపవచ్చునని చూపిరి. కాని ఆనాటి గాజులో వెలుగు కొన్ని గజములకే క్షీణించెడిది. గాజు స్వభావమే అంతయని పెక్కుమంది యూరకుండిరి. 1966లో చార్లెస్ కావో, హాకమ్ అనువారలు, లోపము గాజుది గాదు, గాజులో కలసిన కల్మషములది యనిరి. కల్మషము తీసివేసినచో కిలోమీటరునకు నష్టము ఇరువది డెసిబెళ్ల లోపునకు దిగుననిరి. ఇరువది డెసిబెళ్లనగా కిలోమీటరు చివర నూటి కొకపాలు మిగులుట. ఆ యొకపాలే ఆనాటికి సాహసోక్తి. 1970లో అమెరికాయందలి కార్నింగ్ సంస్థవారు దానిని సాధించిరి. కావో గారికి 2009లో నోబెల్ బహుమానము వచ్చినది. నేటి గాజులో 1550 నానోమీటర్ల వెలుగు సగమగుటకు పదునైదు కిలోమీటర్లు నడువవలెను. పదునైదు కిలోమీటర్ల గాజు చేయలేని నష్టమును మూడుదినముల క్రిందట మేమొక నిమిషమున చేసితిమి.

"స్వభావమే అంత" అనినవారు చూడలేదు, కావో చూచెను. కడపటి బల్ల కుర్రవాని విషయమున మేమును చూడలేదు.

మా మడికిని వీని మడికిని గల భేదము ఇదియే యని మాకు తోచినది. మా మడియందు ఏది మైలయో ముందే నిర్ణయమైయుండును. పుట్టుకచే కొందఱు, స్పర్శచే కొందఱు. దానికి పరీక్ష లేదు. తడిబట్ట కట్టుకొన్నవాని చేతి జిడ్డును ఎవరును తెఱమీద వేసి చూడరు. వీని మడియందు ఎవరి వ్రేలైనను వ్రేలే. పండితుని తువ్వాలును మైలయే. అప్పుడే తీసిన క్రొత్త కొనను గూడ నమ్మరాదట. మూతలోని ప్లాస్టిక్ మడ్డి దానికి అంటియుండవచ్చును.

సంస్కృతమున "శుచ్" ధాతువునకు ప్రకాశించుట, మండుట అని యర్థము. శుచి యనగా మొదట ప్రకాశించునది; పరిశుభ్రమైనదను నర్థము తరువాతిది. ఇంగ్లీషువారి "క్లీన్" అను పదమునకును మొదటి యర్థము మెఱయునది యనియే భాషావేత్తలు చెప్పుదురు. ఆ ధాతువునుండియే శోకమును పుట్టినది. లోపల మండునది గనుక. ఈ రెండర్థములును ఆ యుదయము మాకొక్కమాఱే బోధపడినవి.

వాడు పోవుటకు ముందే, వాని యెదుటనే, మేము ఫిర్యాదుల విభాగమునకు ఫోను చేసితిమి. తప్పు మాదనియు, వచ్చిన కుర్రవానిది కాదనియు, ముందటి ఫిర్యాదును తొలగింపుడనియు చెప్పితిమి. అవతలివారికి ఇట్టి ఫిర్యాదు వ్రాసికొనుటకు గడి దొరకక కొంతసేపు తికమకపడిరి. వాడు తలవంచుకొని సంచి సర్దుకొనుచుండెను. "నెల లెక్కలో కోసేవాళ్లు సార్" అని మాత్రమనెను. ఎంత కోసెదరో మేమడుగుటకు సిగ్గుపడితిమి.

మా తల్లిగారు మంచినీళ్లు తెచ్చినది. ఏ గ్లాసుతో తెచ్చునోయని మేము గుండె దిటవు చేసికొనియుంటిమి. అది మేము త్రాగు గ్లాసే. తెలిసి తెచ్చినదో, తొందరలో తెచ్చినదో మాకు తెలియదు. అడిగినచో తెలియక తెచ్చితిననునేమోయని అడుగలేదు. వాడు గ్లాసును పెదవులకానించక, తల యెత్తి, ఎత్తునుండి నోటిలో పోసికొని త్రాగెను. అలవాటులు ఒక్కవైపునవే కావు.

సాయంకాలము పనిమనిషి చీపురుతో గోడ దులుపుచు ఆ పెట్టెవద్దకు వచ్చినది. వంటయింటిలోనుండి మా తల్లిగారు, "దానిజోలికి పోవద్దే! ఆ పిల్లోడు వచ్చి చూసిందాకా దాన్ని ఎవురూ ముట్టకూడదు" అని కేకవేయుచుండెను.