అడ్డాకుల కట్ట

రాజమండ్రిలో పొద్దున్నే బయలుదేరినా, మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగి చింతూరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వైద్య శిబిరం మీద నాలుగు ముక్కలు రాయమని పిలిచింది అక్కడ నర్సుగా చేస్తున్న మా పిన్ని కూతురు. శిబిరం సరిగా చూడనే లేదు. ఇప్పచెట్టు కింద అడ్డాకు విస్తళ్లు కుడుతున్న ఆవిడ దగ్గరే నా పూటంతా గడిచింది.

వెదురు పుల్ల సన్నగా చీల్చి, ఆకు మీద ఆకు పెట్టి చకచకా గుచ్చుతోంది. బాట మీద బైకు చప్పుడైతే మాత్రం ఆ చేతులు ఆగిపోతాయి. బైకు వెళ్లిపోయాక కూడా కాసేపు కదలవు.

ఆవిడలాంటివాళ్లని ఇక్కడ గుత్తికోయలంటారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వాజుడుం మొదలయ్యాక, అటు జుడుంకీ ఇటు మావోయిస్టులకీ నడుమ నలిగి, ఊళ్లు కాలిపోతే అడవి దాటి వచ్చినవాళ్లు. గిరిజన కుర్రాళ్లకి తుపాకులిచ్చి పోరుకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తేల్చింది. తీర్పయితే వచ్చింది, ఆవిడకి నిద్రే రావట్లేదు.

శిబిరంలో ఆవిడ వంతు వచ్చాక డాక్టరు తెలుగులో అడిగాడు. ఆవిడ కోయలో చాలాసేపు చెప్పింది. మధ్యనున్న కుర్రాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "తలనొప్పంటోందండి." చీటీ మీద రెండు రకాల మాత్రలు.

"రోజూ ఇదే వరస అన్నయ్యా," అంది చెల్లెలు విసుగ్గా. "తలనొప్పి, గుండెదడ. రిజిస్టర్లో అంతకుమించి ఎక్కదు."

ఆవిడేం చెప్పిందో తర్వాత ఆశా కార్యకర్త చెప్పింది, తనూ కోయ మనిషే. పారిపోయి వస్తున్న రాత్రి అడవిలో ఒక పిల్లాడు తప్పిపోయాడట. ఇప్పటికీ రాత్రిళ్లు లేచి, ఉన్న పిల్లల్ని లెక్కపెట్టుకుంటుందట.

ఆవిడ వచ్చినప్పుడు ఇది ఖమ్మం జిల్లా. 2014లో తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆవిడ గుడిసె కదల్లేదు, జిల్లాలే మారాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలైనవాళ్లకి ఇక్కడ ఎస్టీ పత్రం దగ్గరే చిక్కు. పోడు నుంచి ఎప్పుడు లేవగొడతారోనన్న బెంగ ఒకటి. ఈ భయం గతానిది మాత్రమే కాదు, మాత్రతో పోవడానికి.

మానసిక వైద్యం అందరికీ అందే దూరంలో ఉండాలని 2017 చట్టం చెబుతోంది. దూరమంటే కిలోమీటర్లేనా? భాష కాదూ? జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు అమ్మమ్మలకి శిక్షణ ఇప్పించి, ఆరోగ్య కేంద్రాల దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టాడు. జనం తమ భాషలో తమ గోడు చెప్పుకుంటున్నారు.

మనకి బెంచీ కూడా అక్కర్లేదు, ఇప్పచెట్టు ఉంది. ఆశా కార్యకర్త ఎదురుగానే ఉంది. ఆవిడకి శిక్షణా, ఆ పనికి తగ్గ జీతమూ ఇవ్వండి. మాత్రలు తర్వాత రాద్దురుగాని.