మొక్కకు దుప్పటి

మా వెంకటాచలంలో శీతకాలమంటే గుర్తుకు వచ్చేది వాన. కార్తీక మార్గశిర మాసాలలో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వినగానే నెల్లూరు జిల్లా రైతు చూపు ఆకాశం మీదనే నిలుస్తుంది. పెరటి మొక్కకు ఊతకర్ర పాతడం, పాదులో నిలిచిన నీటికి దారి తీయడం మాకు తెలిసిన శీతకాలపు సంరక్షణలు. పుష్యమాసపు రాత్రులలో సైతం ఇక్కడి ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల పరిసరాలలోనే ఉంటుంది. గడ్డిపై మెరిసే నీటిబొట్టును మంచు అంటాము, తెల్లవారుజామున రహదారిని కమ్మే తెరను మంచు అంటాము, హిమాలయాలపై పేరుకొన్నదానినీ మంచే అంటాము. ఆకును మాడ్చివేసే మంచు ఈ తీరవాసుల అనుభవంలో లేదు కనుక దానికి వేరొక మాట అవసరపడలేదు కాబోలు!

ఆ మంచు సంగతి మా ఇంట చర్చకు వచ్చింది 2021 ఫిబ్రవరిలో. మా అక్క కుటుంబం అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగర సమీపంలో నివసిస్తున్నది. అక్కడి తెలుగువారి పెరళ్లలో గోంగూర, మునగ, మల్లె కనిపిస్తూనే ఉంటాయి. కరివేపాకు విలువ మాత్రం వేరు. నిమ్మజాతి చెట్లను నాశనం చేసే తెగులును మోసుకొని వచ్చే పురుగు కరివేపాకుపై కూడా జీవిస్తుంది. అందువల్ల తాజా ఆకునుగాని, మొక్కనుగాని మన దేశం నుండి వెంట తీసుకొనిపోవడానికి అక్కడి చట్టం అంగీకరించదు. చిన్న మొక్కను అక్కడి నర్సరీలో కొని, కుండీలో ఏళ్ల తరబడి సాకవలసిందే. అక్క కరివేపాకుకు అప్పటికి ఏడేళ్లు. నేలలో ఒక మల్లెపొద, ఒక నిమ్మచెట్టు ఉండేవి.

ధ్రువప్రాంతపు శీతల వాయువులు దక్షిణానికి దిగుతున్నాయని హెచ్చరికలు వెలువడినప్పుడు అక్క ఫోను చేసింది. గడ్డకట్టే చలిని ఎన్నడూ చూడని మా అమ్మ, "ఆకు పోతే పోనీ, వేరును చూసుకోమ్మా" అన్నది.

ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు జారినప్పుడు ముందుగా కణాల నడుమనున్న నీరు గడ్డకడుతుంది. అది కణాల లోపలి నీటిని వెలుపలికి లాగుతుంది. కణం ఎండి, దాని పొర చిట్లుతుంది. మరునాడు ఆకు ఉడికినట్లు నల్లబడి వాలిపోతుంది. చలిదేశాల చెట్లలో అనేకం ముందుగానే ఆకులు రాల్చి నిద్రకు సిద్ధపడతాయి. ఉష్ణమండలపు మొక్కకు ఆ విద్య తెలియదు.

దుప్పటి చుట్టితే మొక్క వెచ్చబడుతుందని చాలామంది భావిస్తారు. మొక్క మనవలె ఒంటివేడిని పుట్టించదు. వేడి ఉన్నది నేలలో. పగలు ఎండను గ్రహించిన నేల, మబ్బులేని రాత్రి ఆ వేడిని ఆకాశానికి వదిలివేస్తుంది. గుడ్డను గుడారంవలె నేలదాకా దించి అంచులపై రాళ్లు పెడితే ఆ వేడి కొంత మొక్క చుట్టూ నిలుస్తుంది. తడినేల పొడినేలకంటె ఎక్కువ వేడిని దాచుకొంటుంది కనుక ముందురోజే పాదును తడపాలి. ప్లాస్టిక్ పట్టా ఆకును తాకితే తాకినచోటనే మాడుతుంది. కుండీలోని మట్టికి అన్నివైపులా చలి తగులుతుంది, దానిని ఇంటిలోనికి చేర్చడమే మేలు. ఫ్లోరిడాలోని కొన్ని నిమ్మజాతి తోటలలో మరొక పద్ధతి ఉన్నది. చలి రాత్రులలో చెట్లపై ఎడతెగకుండా నీరు చల్లుతారు. ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 80 కెలోరీల వేడిని విడుస్తుంది. ఆ వేడే కొమ్మను కాపాడుతుంది. గుప్తోష్ణాన్ని పరీక్ష కోసమే చదివిన నాకు ఇది విన్నప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు.

అయితే ఈ ఉపాయాలు సాధారణమైన చలికే చాలుతాయి. ఫిబ్రవరి 16 తెల్లవారుజామున డాలస్ ప్రాంతంలో ఉష్ణోగ్రత సున్నాకు 19 డిగ్రీలు దిగువకు పడిపోయింది. టెక్సాస్‌లో ఇళ్లు, దుకాణాలు కలిపి 45 లక్షలకు పైగా విద్యుత్తు కోల్పోయాయి. ఆ విపత్తులో 246 మంది మరణించారని రాష్ట్ర ప్రభుత్వం లెక్క తేల్చింది. అటువంటి వేళ మొక్కల ముచ్చట చిన్నదే. అక్క కుటుంబమంతా ఒకే గదిలో తలదాచుకొన్నది. కరివేపాకు కుండీకీ అందులోనే చోటు దొరికింది. దుప్పట్లన్నీ మనుషులకే కావలసివచ్చినందున, తోటకు మిగిలినవి ఎండుటాకులు, అమ్మ ఇచ్చిన పాత వెంకటగిరి నేతచీరలు.

కరివేపాకు ఆకులన్నీ రాల్చింది కాని, బెరడును గోటితో గీరితే లోపల పచ్చగా ఉన్నది. మల్లె, నిమ్మ మోడులైనవి. అటువంటి కొమ్మలను వెంటనే కత్తిరించరాదు. ఎంతమేర చచ్చినదో వసంతం వచ్చేదాకా తెలియదు. ఏప్రిల్‌లో ఎండుటాకుల అడుగున మల్లె చిగిర్చింది. కొద్ది రోజులకు నిమ్మ మొదట కూడా పచ్చని చిగురు లేచింది. అక్క ఆనందంతో దానిని వీడియోలో చూపినప్పుడు అమ్మ కళ్లజోడు సవరించుకొని, "ఇది నిమ్మాకు కాదే!" అన్నది. ఒక్కొక్క తొడిమకు మూడేసి ఆకులు, పొడవాటి ముళ్లు. అంటుకు పైనున్న నిమ్మ చనిపోయి, అడుగుననున్న మూడాకుల నారింజ మొలిచింది. శీతకాలంలో ఆకు రాల్చి తీవ్రమైన చలిని తట్టుకొనగల జాతి అది. కాయ పుల్లన, నిండా గింజలు.

అక్క దానిని పీకివేయలేదు. ఆ కాండం బలపడిన తరువాత, తెలిసినవారిచేత దానిపై నిమ్మమొగ్గను అంటు కట్టించింది. ఇప్పుడు ఏటా నవంబరు రాగానే అంటు మునిగేవరకు మొదటికి మట్టి ఎగదోసి, చలి తగ్గిన తరువాత తీసివేస్తున్నది.