చీటీ ఆఖర్న రాయాల

ఆ సాయంత్రం ఏడున్నరకు ఫోన్ చేసినాయన తన పేరు చెప్పలేదు. బంగారుపాళ్యం మార్కెట్ యార్డు నుంచి మాట్లాడుతున్నానని మాత్రం అన్నాడు. వెనకాల ట్రాక్టర్ల చప్పుడు. జూన్ నెల, తోతాపురి సీజన్.

"అమ్మా, మీరు ఆ యూనివర్సిటీ కంప్యూటర్ల దగ్గర పని చేస్తారంట కదా. మీ నాయన నంబరిచ్చినాడు. నా కూతురు ఫెయిలని మీరు రెండుసార్లు చెప్పినారు. ఒకసారి పేపరు దిద్ది చెప్పినారు, ఇంకోసారి రీవాల్యుయేషన్‌కు డబ్బు కట్టించుకోని చెప్పినారు. పాపేమో బాగా రాసినానంటా ఉంది. నేనెవర్ని నమ్మాల?"

ఆ అమ్మాయికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. బ్యాక్‌లాగ్ ఉండకూడదని కంపెనీ షరతు. మార్కుల మెమో పంపడానికి సోమవారం ఆఖరి రోజు. మెసేజ్ చూశాక ఆ పిల్ల ఇంక ఏమీ పంపనని ల్యాప్‌టాప్ మూసేసిందట. తండ్రి నలుగురిలో నాలుగు మాటలన్నాడట. పొద్దున్నుంచి పిల్ల అన్నం తినలేదట.

హాల్ టికెట్ నంబరు అడిగి చూశాను. రిజల్ట్ టేబుల్‌లో ఆ సబ్జెక్టు పాస్ అని ఉంది. 34 మార్కులు 43 అయ్యాయి. ఆయన ఫోన్‌కు వెళ్ళిన మెసేజ్‌లో మాత్రం ఫెయిల్ అని ఉంది. రెండూ మా సిస్టమ్ నుంచి వెళ్ళినవే. రెండూ ఒకే నిమిషంలో తయారైనవే.

"పాప పాసయిందన్నా. మెసేజే తప్పు. మెమో డౌన్‌లోడ్ చేసి వెంటనే పంపించమనండి" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనన్న మాటలు ఎట్ల వెనక్కి తీసుకునేదమ్మా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తప్పు ఎక్కడుందో ఆ రాత్రే వెతికాను. మన పిల్లల్లో చాలామంది కంప్యూటర్ సైన్స్ వైపే చూస్తున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

యూనివర్సిటీలో ఒక విద్యార్థి మార్కు మారిందంటే ఆ ఒక్క అంకెతో పని అయిపోదు. మొత్తం మళ్ళీ లెక్కవేయాలి, పాసో ఫెయిలో తేల్చాలి, క్రెడిట్లు కలపాలి, ఎవరు ఎప్పుడు మార్చారో రాసి పెట్టుకోవాలి, ఇంటికి మెసేజ్ పంపాలి. ఇవన్నీ మనుషులు గుర్తుపెట్టుకొని చేయాలంటే ఏదో ఒకటి మర్చిపోతారు. అందుకని డేటాబేస్‌కే ముందుగా చెప్పి పెడతాం: ఈ టేబుల్‌లో ఈ గడి మారితే నువ్వే ఈ పని చెయ్యి అని. దాన్ని ట్రిగ్గర్ అంటారు. అవి ఒకే టేబుల్ మీద మూడో నాలుగో ఉంటే ఏది ముందు, ఏది తర్వాత అన్న ప్రశ్న వస్తుంది.

దీనికి ఒక్కో డేటాబేస్ ఒక్కో దారి పెట్టుకుంది. ఒరాకిల్‌లో 2007లో 11జీ వెర్షన్ వచ్చేదాకా ఒకే రకం ట్రిగ్గర్లు రెండుంటే ఏది ముందు నడుస్తుందో హామీ లేదు. ఆ వెర్షన్‌లో 'ఫాలోస్' అనే మాట చేర్చి, ఇది దాని తర్వాతే నడవాలని రాసే వీలు కల్పించారు. మైఎస్‌క్యూఎల్‌లో 5.7 వెర్షన్‌కు ముందు ఒక టేబుల్ మీద ఒకే సందర్భానికి ఒకటే ట్రిగ్గర్, రెండోది పెట్టనిచ్చేది కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మొదటిది ఏదో, చివరిది ఏదో చెప్పవచ్చు, నడుమ వాటి వరుస చెప్పలేం. మేము వాడే పోస్ట్‌గ్రెస్‌లో ఒకే సందర్భానికి రెండు మూడు ఉంటే పేర్ల అక్షర క్రమంలో నడుస్తాయి. హాజరు పట్టీలో పిల్లల పేర్లు పిలిచినట్టు.

మా దగ్గర జరిగింది ఇదే. రిజల్ట్ తేల్చే ట్రిగ్గర్ పేరు ఇంగ్లీషు 'ఆర్'తో మొదలయ్యేది. మెసేజ్ రాసే ట్రిగ్గర్ పేరు 'ఎస్'తో. ఆర్ ముందు, ఎస్ తర్వాత. రిజల్ట్ తేలాక మెసేజ్ తయారయ్యేది. అది మేము ఆలోచించి పెట్టిన వరుసేమీ కాదు, పేర్లు అలా కుదిరాయంతే. నెల ముందు అన్ని పేర్లూ ఒక పద్ధతిలో ఉండాలని వాటిని మార్చారు. మెసేజ్ ట్రిగ్గర్ పేరు 'అలర్ట్'తో మొదలయ్యేలా అయింది. ఏ అంటే మొదటి అక్షరం. లోపల ఒక్క లైను మారలేదు, వరుస మాత్రం తిరగబడింది. మార్కు మారగానే ముందు మెసేజ్ ట్రిగ్గర్ లేచి రిజల్ట్ టేబుల్ చూసేది. అక్కడ ఇంకా పాత ఫలితమే ఉండేది. దాన్నే రాసేసి పక్కకు తప్పుకునేది. ఆ వెంటనే రెండో ట్రిగ్గర్ వచ్చి పాస్ అని సరిగ్గా దిద్దేది.

పరీక్షించినప్పుడు ఎందుకు దొరకలేదంటే, చివరికి టేబుల్‌లో ఏముందో చూశాం గానీ మెసేజ్‌లో ఏం రాసిందో చూడలేదు. ఆ పేర్లు మార్చింది నేనే. సరి చూసి సంతకం పెట్టిందీ నేనే.

మరుసటి రోజు నాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన చదివింది ఐదో తరగతి. అంతా విని, "మన కాయ తూకం మాదిరే కదా మే" అన్నాడు.

నా చిన్నప్పటి సంగతి అది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరుసలో రాత్రంతా నాయనతో కూర్చునేదాన్ని. ముందు లోడు బండి తూకం. తర్వాత కాయ దించడం. తర్వాత ఖాళీ బండి తూకం. తేడా ఎంతో అంత కాయ, దాని మీద బిల్లు చీటీ. ఒకసారి గుమాస్తా తొందరలో ఉండి, మీ బండి పోయిన వారం ఖాళీ తూకం నా దగ్గరుంది, దాంతోనే చీటీ రాసిస్తా, పో అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. ఈ పొద్దు బండి ఈ పొద్దే తూగాల, చీటీ ఆఖర్న రాయాల అని అక్కడే నిలబడ్డాడు. పోయిన వారం బండి మీద తడిసిన టార్పాలిన్ ఉండింది, ఈసారి లేదు. ఆ మేరకు కాయ తూకంలో కోత పడి ఉండేది.

నా ట్రిగ్గర్ చేసింది ఆ గుమాస్తా చేయబోయిన పనే. పాత తూకం చూసి కొత్త చీటీ రాసింది.

పేరు ముందు 10, 20, 30 అని అంకెలు పెడితే వరుస కుదిరేది. చాలామంది అలాగే చేస్తారు. కానీ రేపు ఇంకొకరు వచ్చి పేరు మారిస్తే మళ్ళీ ఇదే కథ. అందుకే మార్కు, మొత్తం, ఫలితం లెక్కలన్నీ ఒకే ట్రిగ్గర్ కిందికి తెచ్చి, ఏది తర్వాత ఏదో అందులోనే రాసిపెట్టాం. మెసేజ్‌ను అక్కడి నుంచి తీసేశాం. అంతా ఖరారయ్యాక వేరే ప్రోగ్రామ్ వచ్చి, పంపే నిమిషంలో ఫలితం మళ్ళీ చదివి మెసేజ్ రాస్తుంది. ఆ నెలలో వెళ్ళిన మెసేజ్‌లన్నీ రిజల్ట్‌తో పోల్చి చూశాం. తేడా ఉన్న ప్రతి ఇంటికీ, తప్పు మాది అని రాసి కొత్త మెసేజ్ పంపాం. క్షమించమని అడగడం ఆఫీసులో కొందరికి నచ్చలేదు. నేను పట్టుబట్టాను.

ఆ అమ్మాయి మెమో ఆదివారం రాత్రే పంపింది. ఉద్యోగంలో చేరింది కూడా.

మన స్కూలు నుంచి నా కొడుకు మార్కుల మెసేజ్ వచ్చినప్పుడల్లా నాకు ఆ ఫోన్ గుర్తుకొస్తుంది. తక్కువ మార్కులు కనబడగానే నోటి దాకా మాట వస్తుంది. ఇప్పుడు ఆ మాటను కాసేపు ఆపుతున్నాను. ముందు వాణ్ణి అడుగుతాను, ఎట్ల రాసినావు నాయనా అని. తర్వాత జవాబు పత్రం చూస్తాను. అనుమానం ఉంటే క్లాస్ టీచర్‌కు ఫోన్ చేస్తాను. చాలాసార్లు మెసేజే కరెక్టు. అప్పుడు ఏం చేయాలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం.

డేటాబేస్‌లో తప్పు పడిన వరుసను నేను ఒక్క రాత్రిలో సరిచేయగలిగాను. ఆ తండ్రి అన్న మాటలను ఆయన ఎప్పటికి సరిచేసుకున్నాడో నాకు తెలియదు. అందుకే ఇంట్లో నేను పెట్టుకున్న వరుస ఇది: అడగడం ముందు, చూడడం తర్వాత, మాట ఆఖర్న.