పండగ వారం ఎవరిది?

టైమ్‌షేర్ అంటే ఏంటో అనకాపల్లిలో చెప్పడం తేలికే. ఒక గది, ఏడాదికి యాభై రెండు వారాలు, వారానికో యజమాని. బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసే మా మావయ్య ఇదంతా విని ఒక్కటే అడిగాడు: "మరి పండగ వారం ఎవరిదిరా?"

ఒక పరిశ్రమ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. 1960లలో ఫ్రాన్స్‌లో, ఆల్ప్స్ కొండల్లో ఈ పద్ధతి మొదలైనప్పుడు ఎవరి వారం వాళ్ళకి ఖాయం. 1974లో అమెరికాలో ఆర్‌సీఐ వచ్చి, నీ వారం నాకివ్వు నా వారం నువ్వు తీసుకో అని మార్పిడి పెట్టింది. 1991లో డిస్నీ వారాల బదులు పాయింట్లు అమ్మడం మొదలుపెట్టింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ వచ్చాయి. క్లబ్ మహీంద్రా ఏడాదిని పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని రంగులుగా విడగొట్టి, 25 ఏళ్ళ సభ్యత్వం అమ్మింది. అందరూ కావాలనుకునే రోజులది పర్పుల్ రంగు, దాని రేటూ ఎక్కువే. మావయ్య ప్రశ్నకి వాళ్ళ జవాబు అదన్నమాట.

ఎవరికి ఏ వారం దొరకాలో తేల్చే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి మేం ముగ్గురం విశాఖలో పక్కపక్కన కూర్చుని అయిదేళ్ళు రాశాం. ప్రాజెక్టు అయిపోయాక ఒకడు డాలస్ వెళ్ళాడు. మా టీమ్ లీడ్ హైదరాబాద్ వెళ్ళింది. ఆవిడది చోడవరం, మా పక్క ఊరే, అందుకని ఆఫీసులో నేనొక్కణ్ణే అక్కా అని పిలిచేవాణ్ణి. నేను ఇంటి నుంచి పని చేసుకుంటూ అనకాపల్లిలో ఉండిపోయాను. వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రం తేదీ తప్పకుండా పడేవి.

ఒకసారి ఓర్లాండోలో, అమెరికా టైమ్‌షేర్ కంపెనీల సంఘం ఆర్డా పెట్టిన సమావేశంలో మళ్ళీ కలిశాం. మూడు వేర్వేరు కంపెనీలు, మెడలో మూడు వేర్వేరు బ్యాడ్జీలు. మా కంపెనీలకి ఒకదానితో ఒకటి పోటీ కాబట్టి పని గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. అప్పుడు అర్థమైంది, ఆ అయిదేళ్ళూ మేం పని తప్ప ఇంకేం మాట్లాడుకోలేదని. రాత్రి హోటల్ లాబీలో కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్నాం. కాసేపు ఎవరికీ మాట రాలేదు.

ముందు డాలస్‌వాడు మొదలుపెట్టాడు. వీసా స్టాంపింగ్ భయంతో నాలుగేళ్ళుగా ఇంటికి వెళ్ళలేదట. తర్వాత అక్క వాళ్ళ నాన్నగారి సంగతి చెప్పింది. టీచరుగా రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లోంచి ఆయన ఓ హాలిడే సభ్యత్వం కొన్నారు. ఒకే ఒక్కసారి వెళ్ళొచ్చారు. ఆయన పోయి మూడేళ్ళయినా మెయింటెనెన్స్ బిల్లు మాత్రం ఏటా చోడవరం ఇంటికి వస్తూనే ఉంది. అక్క ఏటా కడుతూనే ఉంది.

"వెళ్ళకుండానే కడుతున్నావా?" అన్నాడు డాలస్‌వాడు.

"బ్యాంకు వాళ్ళు మానేశారు, కరెంటు వాళ్ళు పేరు మార్చేశారు. ఇంకా నాన్న పేరు మీద ఉత్తరం రాసేవాళ్ళు వీళ్ళొక్కరేరా," అంది అక్క.

ఇలాంటి సిస్టమ్స్‌లో ప్రతి సభ్యుడి పేరు పక్కనా స్టేటస్ అని ఒక గడి ఉంటుంది. ఫీజు కట్టినవాళ్ళకి అందులో 'యాక్టివ్' అని పడుతుంది. మా ప్రాజెక్టులో ఆ గడికి కోడ్ రాసింది నేనే. అన్నేళ్ళలో ఆ మాట నాకు ఫీజు లెక్కగానే కనిపించింది. చోడవరంలో ఒకాయన ఇంకా యాక్టివ్‌గా ఉన్నారని ఆ రాత్రి తెలిసింది. ఈ పరిశ్రమని తిట్టడానికి కారణాలు చాలానే ఉన్నాయి. మన పిల్లల మీద కూడా పడే బిల్లుకి సంతకం చేయించుకోవడం అందులో ఒకటి. ఆ తిట్లన్నీ నాకూ తెలుసు. కానీ ఆ రాత్రి అక్క ముందు ఒక్కటీ నోటికి రాలేదు.

కాసేపయ్యాక అక్కే అడిగింది, "పేరు మార్చాలంటే ఏం కావాలి?" డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడుగుతారని చెప్పాను. మారిస్తే వాడని రోజులు అక్కకి వస్తాయి, కానీ నాన్న పేరుతో ఉత్తరం రావడం ఆగిపోతుంది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు.

ఈ ఏడాది బిల్లు అక్క పేరు మీద వచ్చింది. ఏమీ రాయకుండా దాని ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. ఆగస్టులో ఒక వారం బుక్ చేసింది, ముగ్గురం అక్కడ కలుద్దామని. కొండ మీద, వానల్లో, ఎవరూ అడగని వారం. నేను సెలవు పెట్టేశాను. డాలస్‌వాడు టికెట్ కొన్నాడో లేదో ఇంకా చెప్పలేదు.